ఆమె అన్నదే రాశాను

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పే మనిషికి కొన్ని మాటల మీద మహా మక్కువ ఉంటుంది. నాకు ‘ఇన్‌కేపబుల్’ అనే మాట మీద ఉండేది. ఏటా ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి కొత్త సుద్దముక్క తీసుకునేవాడిని. బోర్డు మధ్యలో నిలువు గీత గీసి, ఇటు ‘అనేబుల్’, అటు ‘ఇన్‌కేపబుల్’ రాసేవాడిని. కాలు బెణికి ఇవాళ బడికి రాలేకపోతే అది మొదటిది, కాలు నయమైతే రేపు వస్తావు. రెండోది అట్లా కాదు. ఆ శక్తి మనిషిలోనే లేదని చెప్పడం అది. ఇవాళా లేదు, రేపూ రాదు. అందుకని ఒకరిని ఆ మాట అనేముందు పదిసార్లు ఆలోచించుకోవాలిరా అని కూడా చెప్పేవాడిని.

అక్కడితో ఆపితే నా గొప్పేముంది! తాగి ఒళ్లు తెలియకుండా రోడ్డు మీద పడి ఉన్నవాడిని దొరల కాలం పోలీసు కాగితాల్లో ఈ మాటతోనే రాసేవారని చెబితే క్లాసంతా నవ్వేది. సంతకం పెట్టే స్పృహలో లేని ముసలివాళ్ల గురించి కోర్టు కాగితాల్లో ఈ మాటే ఉంటుందని చెప్పేవాడిని. చివరికి ఇంకొకటి చెప్పేవాడిని. ఈ మాటతో మనిషిని మెచ్చుకోవచ్చు కూడా. ఫలానా ఆమె అబద్ధం ఆడడానికి ఇన్‌కేపబుల్ అంటే, ఆమెకు అంతకంటే పెద్ద కితాబు ఉండదు. ఆ మాట చెప్పి సుద్దముక్క బల్ల మీద పెట్టేవాడిని.

ఇంత తెలిసినవాడిని, ఆ మాటను తీసుకుపోయి రాయకూడని చోట రాశాను. ఆ మాట అర్థం నాకు తెలియక రాశానని ఎవరైనా అంటే ఇప్పటికీ కోపం వస్తుంది. తెలిసే రాశాను. కోపం మొదటినుంచీ నా ముక్కు మీదే ఉంటుంది, ఈ విషయంలో అది ఎవరి మీద చూపించాలో తెలియక చాలా రోజులు అవస్థ పడ్డాను.

మాది కావలికి తూర్పున, సముద్రం వైపు ఊరు. సగం మంది వరి, సగం మంది రొయ్యల గుంటలు. ఊరి మధ్యలో మా ప్రార్థన మందిరం, దాని వెనక ఒక గది, గది ముందు చిన్న వసారా. నేను బడి పంతులిని, సంఘానికి కార్యదర్శిని. సంఘంలో డిగ్రీ చదివినవాళ్లు ఇంకా ఉన్నారు కానీ, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వరసగా రాసేవాడిని నేనే. మా సంఘాల మీద ఉండే పెద్ద ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడివాళ్లకు తెలుగు రాదు. కాబట్టి మా మినిట్స్ పుస్తకం ఇంగ్లీషులోనే ఉండాలి.

మా దగ్గర ప్రార్థన చేయడానికి లేచిన ప్రతి మనిషీ ముందు తనను తాను తగ్గించుకోవాలి. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, మా తాతల నాటి నుంచీ నోటికి పట్టిన పద్ధతి. “అయోగ్యుడను, అసమర్థుడను, ఏ అర్హతా లేనివాడను తండ్రీ” అని మొదలుపెట్టాలి. రైసుమిల్లున్న పెద్దాయన కూడా అట్లాగే మొదలుపెడతాడు. మిల్లులో ఆయన చూపు లేకుండా ఒక్క బస్తా కదలదు, ఆయన ముందు కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఆదివారం పూట ఆయన అసమర్థుడే. పాటలు పాడే ఒకావిడ, “నాకు గొంతు లేదు, అయినా దేవుని మహిమ కోసం రెండు చరణాలు” అంటుంది, అని ఆరు చరణాలూ పాడుతుంది. వినేవాళ్లం ఆమెన్ అంటాం. అవును, నువ్వు అసమర్థుడివే అని కాదు ఆ ఆమెన్‌కు అర్థం. సరే, కానివ్వు అని. ఆ మాట అనకుండా నేరుగా ప్రార్థనలోకి దిగినవాడిని చూస్తే, “ఏందబ్బా ఈయనకింత పొగరు” అనుకుంటాం.

గదిలో ఉండే ఆమె మా సంఘ సేవకురాలు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వయసులో కొడవలూరు వైపు నుంచి వచ్చి ఆ గదిలో దిగిందట. పెళ్లి చేసుకోలేదు. నాకు ఆరేళ్లప్పుడు ఆదివారం బడిలో వాక్యాలు కంఠతా పెట్టించింది ఆమే. అప్పటినుంచి నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను నాయనా అంటుంది. నాకు జుట్టు నెరిసినా ఆ పిలుపు మారలేదు.

ఆమె పని ఏమిటంటే చెప్పడం కొంచెం కష్టం. జబ్బు మనుషుల దగ్గర కూర్చుంటుంది. మొగుడితో పోట్లాడి వచ్చిన ఆడవాళ్లకు ఇంత అన్నం పెట్టి, సాయంత్రానికి వాళ్లతో కలిసి ఆ ఇంటిదాకా నడిచి వెళుతుంది. చదువు రాని పెద్ద ఆడవాళ్లను కూర్చోబెట్టి, చాటలో బియ్యం పరిచి, వేలితో అక్షరాలు దిద్దిస్తుంది. అరవై ఏళ్లు దాటాక చదవడం నేర్చుకున్నవాళ్లు మా ఊళ్లో ఏడెనిమిది మంది ఉన్నారంటే ఆ చాట పుణ్యమే. ఇక ఊళ్లో ఏ ఆడమనిషి పోయినా, ఆమె మతం ఏదైనా సరే, పిలిస్తే వెళ్లి స్నానం చేయించి చీర కట్టేది అక్కే. మా అమ్మకూ ఆమే చేసింది. బిగుసుకుపోయిన వేళ్లను గోరువెచ్చని నీళ్లతో తడుపుతూ, ఒక్కొక్కటే సాగదీస్తూ, “ఇంకొంచెం వదినా, అయిపోయింది” అని మా అమ్మతో మాట్లాడుతూ చేసింది. తలుపు ఇవతల నిలబడి విన్నాను.

ఏటా కోత పండుగ అయిన మరుసటి ఆదివారం మా వార్షిక సభ. అయ్యగారు, అంటే మా పాస్టరు, అధ్యక్షుడు. ఆ రోజు సేవకురాలు లేచి నిలబడి, ఏడాదిలో చేసిన పని చెప్పి, చివర ఒక మాట అనాలి. అక్క నలభై ఏళ్లకు పైగా అదే మాట అంటోంది. “నేను అసమర్థురాలిని. ఈ పనికి తగినదాన్ని కాను. దేవుడు బలమిస్తే, సంఘం ఒప్పుకుంటే, ఇంకో సంవత్సరం చేస్తాను.” అందరూ ఆమెన్ అంటారు. ఆమె కూర్చుంటుంది. నాకు ముందున్న కార్యదర్శి దీన్నంతా ‘సేవకురాలు రిపోర్టు ఇచ్చింది, సంఘం ఆమోదించింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాడు.

నాకు ఆ ఒక్క వాక్యం నచ్చలేదు. మినిట్స్ అంటే ఎవరు ఏమన్నారో అది ఉండాలి గానీ ఈ పొట్టి రాతలేమిటి అనుకున్నాను. కార్యదర్శినైన రెండో ఏడు, సభలో ఎవరేమన్నా పూర్తిగా రాశాను. అక్క వంతు వచ్చినప్పుడు కూడా రాశాను. అయితే రాయడంలో నాకు ఒక నియమం ఉంది. ప్రార్థనలు మినిట్స్‌లోకి రాకూడదు, స్టేట్‌మెంట్లు మాత్రమే రావాలి. ‘దేవుడు బలమిస్తే’ అన్నది ప్రార్థన. దాన్ని వదిలేశాను. మిగిలింది స్టేట్‌మెంట్. తాను ఇన్‌కేపబుల్ అనీ, పనికి తగనిదాన్ననీ సేవకురాలు స్వయంగా చెప్పింది, సంఘం ఏకగ్రీవంగా అంగీకరించింది. చక్కటి ఇంగ్లీషు. రాసి చూసుకుని మురిసిపోయాను.

సభ చివర మినిట్స్ పైకి చదవడం పద్ధతి. గడగడా ఇంగ్లీషులో చదివాను. ఆమోదించేవాళ్లు చేతులెత్తండి అన్నారు అయ్యగారు. అందరూ ఎత్తారు. ముందు చాప మీద కూర్చున్న అక్క కూడా చెయ్యెత్తింది. తర్వాత కాపీ తీసి పెద్ద ఆఫీసుకు పంపించాను.

నెలన్నర తర్వాత జాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలు. తాను ఇన్‌కేపబుల్ అని సేవకురాలే చెప్పినందువల్ల, సంఘం కూడా అంగీకరించినందువల్ల, వచ్చే నెలాఖరుతో ఆమెకు విశ్రాంతి ఇస్తున్నాం. గది ఖాళీ చేసి తాళంచెవి అప్పగించవలసింది. కొత్త సేవకురాలిని పంపుతాం.

జాబు పట్టుకుని అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

“ఏంది సార్, ఇట్టా రాసినారు?”

“ఆమె అన్నదే రాశానయ్యగారూ.”

“అన్నది నిజమే గానీ, అట్టా ఎవరనరు సార్? నేను అనలా? మీరు అనలా?”

“నాకు పాఠం చెప్పొద్దండీ” అని కసిరాను. ఆయన నాకంటే పెద్దవాడు, పైగా పాస్టరు. జాబు మడిచి నా చేతిలో పెట్టారు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడినాయన నెమ్మదస్తుడు. ఇంగ్లీషులో అన్నాడు, ఆమే చెప్పిందని మీరే రాశారు కదా, ఇప్పుడు ఆమే కాదని రాసిస్తే మాకేం అభ్యంతరం, ఒక్క లైను చాలు, నేను ఈ పనికి సమర్థురాలిని అని రాసి సంతకం పెట్టి పంపమనండి, ఫైలు మూసేస్తాం. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతేనా అనుకున్నాను. తెల్లకాగితం, పెన్ను తీసుకుని గది దగ్గరికి పోయాను.

అక్క వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జాబు సంగతి అయ్యగారు అప్పటికే చెప్పారట. గది ఖాళీ చేయాలన్న మాట కూడా తెలుసు. అయినా మొహంలో ఏమీ తేడా లేదు.

“ఏమని రాయాల నాయనా?”

“నేను ఈ పనికి సమర్థురాలిని, అని. కింద సంతకం. అంతే.”

ఆమె నవ్వింది. “బాగుందే! అట్టా ఎవరన్నా రాసుకుంటారా?”

“రాయాలక్కా. లేకపోతే పని పోతుంది.”

“పోతే ఏం చేస్తాం. ఆ మాట నా చేత్తో రాసి, మళ్లా ఆదివారం ఏ మొహం పెట్టుకుని మోకరించేది?”

“ఇది దేవుడికి రాసే జాబు కాదక్కా, ఆఫీసుకు.”

“ఆఫీసుకొక మాట, దేవుడికొక మాటా?” అని చాట పక్కన పెట్టింది. “మీ అమ్మకి నీళ్లు పోసిన రోజున నా చేతులు ఎట్టా వణికినాయో నీకు తెలియదు నాయనా. నాకు వదినలాంటి మనిషి. వేళ్లు సాగదీస్తా ఉంటే నాకే కళ్లు తిరిగినాయి. ఆ రోజు నిలబెట్టింది నేనా? నా వల్లయిందని ఎట్టా రాసేది?”

గంటసేపు చెప్పాను. ఆ ఇంగ్లీషు మాటకూ మన మాటకూ తేడా చెప్పాను. బోర్డు మీద గీసే గీత వసారా గచ్చు మీద వేలితో గీసి చూపించాను. అన్నీ విని, “నువ్వు చెప్పేది నిజమే నాయనా, కానీ నా చేత కాదు” అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇది వినయం కాదక్కా, గర్వం!” అని అరిచాను.

“అయ్యుండొచ్చు” అంది.

కాగితం, పెన్ను తీసుకుని లేచాను. మెట్లు దిగుతుంటే వెనకనుంచి అడిగింది. “ఇంతకీ నేను చేతగానిదాన్నని ఆ ఆఫీసోళ్లకి ఎవరు చెప్పినారు నాయనా?”

అయ్యగారు నా పేరు చెప్పలేదన్నమాట, సభలో నేను చదివిన ఇంగ్లీషులో ఏముందో ఆమెకు తెలియదు. ఆయన మంచితనం అప్పుడు అర్థమైంది. చెప్పు చూసుకుంటున్నట్టు వంగాను.

“ఎవరో పొరపాటున రాసినారక్కా” అన్నాను.

“పోనీలే, పాపం. తెలియక రాసుంటారు.”

ఇంటికి పోయి భోజనం చేయలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే విసుక్కున్నాను. ఆమె నా విసుగుకు అలవాటు పడిన మనిషి. నేను మాత్రం కూర్చుని ఆఫీసుకు ఒక జాబు రాశాను. తర్జుమాలో స్వల్పమైన తేడా దొర్లిందనీ, దయచేసి పాత పద్ధతి కొనసాగించవలసిందనీ. ‘దొర్లింది’ అని రాయడానికి ఇంగ్లీషులో మంచి సదుపాయాలున్నాయి. ఎవరు చేశారో చెప్పకుండానే పొరపాటు దానంతటదే జరిగిపోయినట్టు రాయవచ్చు. పిల్లలకు ఆ పాఠం కూడా నేనే చెబుతాను.

వారానికి జవాబు వచ్చింది. తేడా ఏమిటి, చేసింది ఎవరు, మినిట్స్ సభలో చదివి అందరూ ఆమోదించారని మీరే రాశారు కదా, అప్పుడు ఎవరూ ఎందుకు సరిచేయలేదు అని అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. కొత్త సేవకురాలిని కూడా నిర్ణయించామని, ఆమె ఒకటో తారీఖుకు వస్తుందని చివర ఉంది. అప్పటికి నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

అక్క సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆమెకున్నవి ఒక ఇనపపెట్టె, రెండు గిన్నెలు, ఒక మంచం, చాట. కొడవలూరు దగ్గర అన్నగారి పిల్లలున్నారు, రమ్మన్నారట. వాళ్లు చిన్నప్పుడెప్పుడో చూసిన మేనత్త. పోతే వాళ్ల ఇంట్లో ఒక మూల మంచం వేసుకోవాలి, వాళ్ల టీవీ చూస్తూ కూర్చోవాలి. అక్కడ ఎవరు జబ్బు పడితే ఎవరు ఈమెను పిలుస్తారు? ఆమె అది ఎవరితోనూ అనలేదు. మంచం నవ్వారు ఊడదీసి ఉతికి ఆరేసుకుంది, అంతే. బడికి పోతూ దాన్ని చూశాను. ఆ రోజు క్లాసులో ఎవరో చిన్న తప్పు చెప్పినందుకు క్లాసు క్లాసునంతా నిలబెట్టాను.

ఆ వారంలోనే సముద్రం ఒడ్డు పాలెంలో ఒక ముసలమ్మ పోయింది. అక్కకు కబురొచ్చింది. ఇంకా రెండు వారాల్లో పని నుంచి తీసేస్తున్న మనిషి, చీర కొంగు బిగించుకుని షేర్ ఆటో ఎక్కింది. బజార్లో నన్ను చూసి, “ఆ ఇంట్లో కోడలు పిల్లగాడిని కని వారమే అయింది నాయనా, ఆయమ్మ చేత ఏ పని చేయనియ్యొద్దని చెప్పాల” అంది. ఆటో వెళ్లిపోయింది. ఆమె అసమర్థురాలని ఆఫీసు రాసిన జాబు నా సొరుగులో ఉంది.

ఆ సాయంత్రం మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఆమె పప్పులో కవ్వం ఆడిస్తూ విన్నది.

“ఆ రోజు సభలో మీరు కూడా అదే మాట అన్నారు కదా” అంది.

“ఏ మాట?”

“మిల్లాయన కార్యదర్శిగా మళ్లీ మీ పేరే చెప్తే, లేచి చేతులు కట్టుకుని, అసమర్థుడిని, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం అన్నారు. నేను ఆడవాళ్ల వైపు కూర్చుని విన్నాలే. మరి మీ పని ఎందుకు పోలేదు?”

లేచి పోయి మినిట్స్ పుస్తకం తీశాను. ఆ పేజీయే. పైన అక్క మాట. కింద ఏడు లైన్ల తర్వాత నా సంగతి. ‘కార్యదర్శిని ఏకగ్రీవంగా తిరిగి ఎన్నుకున్నారు.’ అంతే ఉంది. నేను ఆ రోజు లేచిన మాట నిజం, చేతులు కట్టుకున్న మాట నిజం, అసమర్థుడినని అందరికీ వినబడేట్టు అన్న మాట నిజం. అది నేను రాయలేదు. దాచాలని కాదు. రాయాలనే తోచలేదు. నా నోటి నుంచి వస్తే అది మర్యాద అని నాకు తెలుసు. ఆమె నోటి నుంచి వస్తే స్టేట్‌మెంట్ అయింది. నాకు అప్పుడు సిగ్గేసింది. ఇంకో మాట వెతకను, సిగ్గే.

రెండో జాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. అదేమీ పెద్ద జాబు కాదు, నాలుగు వాక్యాలే. మూడు వాక్యాలు వెంటనే వచ్చాయి. ఆమె ఏ సందర్భంలో అన్నదీ, నేను ఏ భాగం వదిలేసిందీ, అదే సభలో అదే మాట నేను కూడా అన్నదీ. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. పొరపాటు, అజాగ్రత్త, తొందరపాటు, ఒక్కొక్కటీ ఇంగ్లీషులో రాసి కొట్టేశాను. అజాగ్రత్త అంటే రేపు జాగ్రత్తపడితే పోతుంది. నాకు రెండు భాషలూ వచ్చు, ఆమెను నలభై ఏళ్లుగా ఎరుగుదును, ఆమె ఏమంటోందో చాప మీద కూర్చున్న చదువురాని ముసలమ్మలందరికీ తెలుసు. నాకు తెలియలేదు. బోర్డు మీది గీతకు ఏ వైపు రాయాలో నాకు తెలుసు. సేవకురాలు సమర్థురాలే, ఆ మాట తన గురించి తాను చెప్పుకోవడానికి మాత్రం ఇన్‌కేపబుల్, ఆమె చెప్పింది అర్థం చేసుకోవడానికి ఇన్‌కేపబుల్ అయినవాడిని నేను, అని రాశాను. సంతకం పెట్టాను. మా ఊరి పోస్టాఫీసులో వేస్తే మనసు మారి వెనక్కి తీసుకుంటానేమోనని, బస్సెక్కి కావలి పోయి స్పీడ్ పోస్టు చేసి వచ్చాను.

నెలాఖరు ముందు శుక్రవారం జవాబు వచ్చింది. అయ్యగారి చేతికిచ్చాను. ఆయన చదివి, “ఆదివారం సంఘంలో మీరే చదవండి సార్” అన్నారు. మీరే అన్న మాట ఒత్తి పలకలేదు. అయినా నాకు అట్లాగే వినిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నిలబడ్డాను. ముందు చాప మీద అక్క కూర్చుని ఉంది. సోమవారం బయల్దేరాలని పెట్టెకు తాడు కూడా కట్టించుకుంది. జాబు ఇంగ్లీషులో చదివాను. మిల్లు పెద్దాయన వెనక నుంచి, “తెలుగులో చెప్పండి సార్, మాకేం అర్థమవుద్ది” అన్నాడు.

మొదటి సగం చెప్పాను. ముందు పంపిన ఉత్తర్వు రద్దు చేశారు, అక్క ఎప్పటిలాగే పనిలో ఉంటుంది, గదిలోనే ఉంటుంది. ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని ఒకటే గోల. పక్కనున్న ముసలమ్మ అక్క భుజం పట్టుకుని ఊపేసింది. అక్క తల వంచుకుని కొంగుతో మొహం అద్దుకుంటోంది. అక్కడితో ఆపేయవచ్చు. తక్కిన సగం ఇంగ్లీషులో విని పట్టుకున్నవాళ్లు ఎవరున్నారు?

“ఇంకా ఉంది” అన్నాను. గోల తగ్గింది. “కార్యదర్శి తాను ఇన్‌కేపబుల్ అని స్వయంగా రాసి ఇచ్చినందువల్ల, సంఘం వేరే కార్యదర్శిని ఎన్నుకోవలసింది, అని రాశారు.”

“అంటే ఏంది సార్?” అన్నాడు మిల్లు పెద్దాయన.

“అంటే, నేను అసమర్థుడను అని.”

అలవాటు చొప్పున నాలుగు వైపుల నుంచీ ఆమెన్ వచ్చింది. మిల్లు పెద్దాయన మెచ్చుకోలుగా తలూపాడు. అయ్యో, ఎంత తగ్గించుకుంటున్నాడో అన్న చూపు చూశారు నన్ను. అక్క కూడా తలెత్తి, తడి కళ్లతో నవ్వుతూ, ఆమెన్ అంది.

“ఆ మాట కాదు” అన్నాను. “తప్పు చెప్పాను. ప్రార్థనలో అనేది కాదు ఇది. చేతగానివాడు అని. అక్క చేతగానిదని ఆఫీసుకు రాసింది ఎవరో కాదు, నేను. ఎవరు రాశారని అక్క అడిగితే ఎవరో అని చెప్పింది కూడా నేనే.”

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. అక్క ముందు చాప మీద నుంచి నన్నే చూస్తూ ఉంది. ఆమె కూడా అనలేదు.